మెట్టపట్టణమున సముద్రజలము

సుల్తాన్ బజారు సముద్రమునకు దాదాపు మూడువందల కిలోమీటర్ల దూరమున నున్నది. తూర్పుతీరమునుండి ఈ మెట్టసీమకు శతాబ్దముల తరబడి లంబాడీల యెడ్లమీద ఉప్పు బస్తాలు వచ్చుచుండెను. ఉప్పు వచ్చెను గాని సముద్రము రాలేదు. ఈ రెంటికిని గల భేదమేమని విచారించినవారు మనలో అరుదు. నీటిలో ఉప్పు కలిపినచో సముద్రజల మగునని సామాన్యముగా అందఱును తలంతురు. నేడు మన నగరమున గాజుతొట్లలో సముద్రపు చేపలను పెంచు గృహస్థులు కొందఱు గలరు. వారిలో క్రొత్తగా మొదలిడువారికి తఱచుగా కలుగు భ్రమయు నిదియే. ఆ భ్రమకు మూల్యము చెల్లించునవి మూగజీవములు. కావున ఈ నీటి చరిత్రమును కొంత వివరముగా చెప్పుట యుక్తమని తోచుచున్నది.

చినగంజాము, నౌపడ మొదలగు తావులలోని ఉప్పుమళ్లను చూచినవారికి సంగతి సులభముగా బోధపడును. సముద్రపు నీరు ఎండకు చిక్కబడునప్పుడు ముందుగా సున్నపు లవణములు అడుగుపట్టును. పిమ్మట మనము తినెడి యుప్పు పేరుకొనును. మెగ్నీషియము, పొటాషియము లవణములు గల చేదునీరు కడపట మిగులును, దానిని పాఱబోయుదురు. అట్లు చేయకున్న ఉప్పు చేదెక్కి చెమ్మగిల్లును. కాబట్టి లంబాడీలు తెచ్చిన యుప్పు సముద్రములో ఒక పాలు మాత్రమే. తక్కిన పాళ్లు మడిలోనే పోయినవి. కిలోగ్రాము సముద్రజలమున లవణములన్నియు కలిసి సుమారు 35 గ్రాము లుండును. అందు క్లోరైడు 19 గ్రాములకు పైగా, సోడియము 10.8, సల్ఫేటు 2.7, మెగ్నీషియము 1.3, కాల్షియము, పొటాషియములు ఒక్కొక్కటి 0.4 గ్రాముల చొప్పున గలవు. కడపటివి స్వల్పములని తోచును. కాని నత్తలకు గుల్లయు, పగడపు పురుగునకు ఇల్లును ఆ స్వల్పమైన కాల్షియమునుండియే ఏర్పడుచున్నవి.

ఈ పాళ్లు ఒక్కొక్క సముద్రమున ఒక్కొక్క విధముగా నున్నచో నీటిని చేతితో కూర్చుట యసాధ్యమై యుండెడిది. 1819లో అలెగ్జాండర్ మార్సె యను రసాయనికుడు వేర్వేరు సముద్రముల నీటిని పరీక్షించి, ఉప్పదనము హెచ్చుతగ్గులైనను లవణముల పరస్పర నిష్పత్తి మాఱదని సూచించెను. చాలెంజరు ఓడ 1872 మొదలు 1876 వఱకు లోకమంతయు తిరిగి తెచ్చిన నీళ్లలో 77 మచ్చులను విల్హెల్మ్ డిట్మార్ శోధించి, 1884లో ఆ మాటను స్థిరపఱచెను. గోదావరీ కృష్ణలు వఱదలు తెచ్చునప్పుడు మన బంగాళాఖాతపు నీరు పలుచనగును; అయినను పాళ్లు ఇంచుమించుగా అవియే. ఒక్క చోటి లెక్క తెలిసినచో అన్ని చోట్లకును చాలునన్న మాట.

శాస్త్రజ్ఞులు లెక్క తేల్చుటకు ముందే ఒక గృహిణి సముద్రజలమును ఇంట నిలుపుటకు పూనుకొనెను. 1846లో ఆనా థిన్ అను ఆంగ్లవనిత టార్కీ తీరమున దొరకిన పగడపు జీవులను లండనునకు తెచ్చుకొనెను. అచ్చట సముద్రజలము దుర్లభము. తెప్పించుకొన్న నీటిని వృథాచేయ నొల్లక, దానినే తెఱచిన కిటికీయెదుట ఒక పాత్రనుండి వేఱొక పాత్రకు దినమునకు అరగంట మొదలు ముప్పావుగంట వఱకు పోయించుచు, గాలి సోకునట్లు చేసెను. మఱుసటి యేడు సముద్రపు మొక్కలను తెప్పించి ఆ నీటిలోనే పెంచెను. ఇంటిలో సముద్రమును నిలిపినవారిలో ఆమె మొదటి వరుసలోనిది. అయితే ఆ పాత్రలను దినదినమును ఎత్తిపోసినది ఆమె యింటి పనికత్తె. యజమానురాలి పేరు చరిత్రకెక్కెను. చేతులు నొచ్చినది వేఱొకతెకు. నీరు తోడుట, మోయుట, నింపుట అను పనులు మన యిండ్లలోను ఎవరి పాలబడుచున్నవో చదువరులే యెఱుగుదురు.

నీటిని తెప్పించుకొనుట మాని కూర్చుకొనుట నేర్పినవారిలో ఫిలిప్ హెన్రీ గాస్ ముఖ్యుడు. ఈతడు 1854లో ప్రకటించిన పాళ్లివి: తినెడి యుప్పు మూడున్నర ఔన్సులు, ఎప్సము లవణము పావు ఔన్సు, మెగ్నీషియము క్లోరైడు 200 గ్రెయినులు, పొటాషియము క్లోరైడు 40 గ్రెయినులు, వీనికి నాలుగున్నర లీటర్లకు కొంచెము తక్కువగా నీరు. సున్నపు లవణమును ఆతడు బుద్ధిపూర్వకముగా విడిచిపెట్టెను. లండను కుళాయినీటిలో అది యుండనే యున్నదని ఆతని లెక్క. కలపబోవు మంచినీటి గుణము తెలియక ఏ పాళ్లును పనికిరావను సత్యము ఇందు ఇమిడియున్నది. కలిపినవెంటనే జీవులను దింపక, ముందు సముద్రపు మొక్కలను వైచి కొన్నిదినములు వేచియుండెను. నీటిని తెచ్చు పీపా విషయమునను ఆతని హెచ్చరిక గలదు: ఓకు కఱ్ఱ పీపా తగదు, దాని వగరు నీటికెక్కి జీవులను చంపును.

నిలువ విద్యలో ఆరితేరినవాడు విలియమ్ ఆల్ఫర్డ్ లాయిడ్. 1871లో లండను క్రిస్టల్ పాలెసున తెఱచిన మత్స్యశాలలో, చేపలుండు తొట్లకంటె నీటి నిలువతొట్టిని ఆతడు ఎన్నోరెట్లు పెద్దదిగా భూమిలోపల కట్టించెను. ఆ తొట్టి చీకటిగాను చల్లగాను ఉండును. వెలుతురు లేనిచో నాచు పెరుగదు; చల్లదనమున నీరు చెడదు. పైతొట్లలోని నీరు ఎల్లప్పుడును క్రిందికి దిగి, తేఱి, మరల పైకి వచ్చుచుండును. ఇంటింటను అట్టి నేలమాళిగ కట్టుట పొసగదు. అందుచేతనే గృహస్థుడు వారమునకొకసారి పదవవంతు నీటిని తీసి క్రొత్తనీరు పోయుచున్నాడు. ఇంటి మూలనుండు మూతగల డ్రమ్మే యాతనికి లాయిడు నిలువతొట్టి.

ఈ విద్య వ్యాపించుటతో కీడును కలిగెను. గాస్ పుస్తకములు చదివిన జనులు తీరమునకు ఎగబడి, రాతిగుంటలలోని జీవులను గంపలతో కొల్లగొట్టిరి. ఆ యందమంతయు నాశమైనందులకు ఆతని కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో ప్రకటించిన గ్రంథమున చింతించెను. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రిందికి పగడపు జీవులును సముద్రపు గుఱ్ఱములును 2001లో చేర్చబడినవి. వానిని పట్టుటయు అమ్ముటయు నేరము. మన మత్స్యపరిశోధనాలయములలో పొదిగించి పెంచిన క్లౌను చేపలు గలవు. ఇంటిలో సముద్రమును పెట్టుకొనగోరువారు అట్టివానినే కోరుట న్యాయము.

తెలుగువారికి ఈ దృశ్యము దగ్గఱగా లభించినది మద్రాసున. మ్యూజియమునకు అధికారిగానుండిన ఎడ్గర్ థర్స్టన్ యత్నముచే 1909లో మెరీనాతీరమున మత్స్యశాల వెలసెను. ఎదుటనే సముద్ర ముండుటచే నీటికి కొఱతలేదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున అది మూతపడెను. అదే కాలమున హైదరాబాదు దృష్టి మంచినీటిమీద నుండెను. 1908 నాటి మూసీవఱద పిమ్మట 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము కట్టబడినవి. తెలుగున శాస్త్రగ్రంథములు వెలువడవలెనని 1906లో విజ్ఞానచంద్రికామండలి నెలకొన్నదియు, 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము నేటికిని సుల్తాన్ బజారున నిలిచియున్నదియు ఈ నగరముననే. 2004 మొదలు కృష్ణానీరు నూఱు కిలోమీటర్లకు పైబడిన గొట్టములద్వారా ఇచ్చటికి వచ్చుచున్నది. హంసలదీవికడ సముద్రమున కలియవలసిన నీటినే దారిమళ్లించి తెచ్చి, చిక్కడపల్లిలోనో నారాయణగూడలోనో ఒక గృహస్థుడు డ్రమ్ములో పోసి సముద్రముగా మార్చుకొనుచున్నాడు.

ఇక ఆతడు చేయవలసిన పని. కుళాయినీటిలో క్రిమినాశమునకై క్లోరిను కలుపుదురు. అది చేపల మొప్పలను కాల్చును. ఒకదినము గాలి యాడించినచో సాదా క్లోరిను పోవును. అమోనియాతో కూడిన క్లోరిను అట్లు పోదు, మందు వేయవలయును. బోరునీటిలో కఠినత్వమును నైట్రేటును తఱచుగా హెచ్చు. అందుచే వడపోతయంత్రపు శుద్ధజలమే మేలు. అంగడిలో దొరకు కృత్రిమ సముద్రలవణమున సకల పాళ్లును కూర్చబడియుండును. పది లీటర్లకు 350 గ్రాములకు కొంచెము పైగా పట్టును. నీటిలో లవణమును కొద్దికొద్దిగా వేయవలెను గాని, లవణముమీద నీరు పోయరాదు. అట్లు పోసినచో కాల్షియము కార్బొనేటుతో కూడి సున్నమై అడుగున తెల్లగా పేరుకొనును. చిన్న పంపుతో రాత్రంతయు కలియద్రిప్పి, మఱునాడు విశిష్టగురుత్వము 1.025 ప్రాంతమున నున్నదో లేదో చూడవలెను. వేడిమియు తొట్టినీటితో సమానముగా నుండవలెను. మే నెలలో డాబామీది డ్రమ్ము కాగిపోవును గనుక దానిని ఇంటిలోపలనే యుంచవలయును.

పాత్రవిషయమున మన యాచారము చేటు తెచ్చును. రాగిబిందెలోని నీరు పవిత్రమని మనకు నమ్మకము. ఉప్పునీరు రాగిని తినును. కరగిన రాగి యిసుమంతయైనను రొయ్యలకును నత్తలకును విషమే. ఇత్తడి, జింకుపూత యినుమును తగవు. ఆహారపదార్థముల కుపయోగించు ప్లాస్టిక్ డ్రమ్మునే వాడి, చీకటిలో గట్టి మూతతో నుంచినచో కలిపిన నీరు కొన్ని వారములు నిలుచును. వాడుటకు ముందు మరల గాలి యాడించి ఉప్పదనము చూచుకొనవలెను. కలుపుటకై పట్టియుంచిన మంచినీటికి మూత మఱింత ముఖ్యము. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ దోమ కడుపున మలేరియా సూక్ష్మజీవిని కనుగొన్నది ఇరుగుననున్న సికింద్రాబాదుననే. డెంగీ దోమకు ఇంటిలోని నిలువనీరే పురిటిల్లు.

తొట్టిలో నీరు తగ్గినచో ఉప్పునీరు పోయువారు కొందఱు గలరు. ఆవిరియైపోవునది నీరే, ఉప్పు తొట్టిలోనే యుండును. కావున లోటును మంచినీటితోనే పూరింపవలెను. వారమునకొకసారి తీసివేసిన పాతనీటిని తులసికోటలో గాని పెరటిచెట్ల మొదట గాని పోయరాదు. ఇంకుడుగుంతలోనికి అసలే వదలరాదు. అది మన బోరునీటినే ఉప్పజేయును. మురుగుకాలువలోనికి వదలి, వెనుక ఒక బిందెడు మంచినీరు పోయవలయును.