పింగాణి తీగైన కథ

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది తీరాన, ఆటు తీసినప్పుడు ఇసుక మీద నల్లటి చారలు తేలతాయి. ఇల్మనైట్, మాగ్నటైట్ లాంటి బరువైన ఖనిజాలవి. ఆంధ్ర తీరపు ఇలాంటి ఇసుకల్లో అరుదైన లోహాలుండే మోనజైట్ కూడా ఉంటుంది. దేశంలో దాని నిల్వలు మిగతా రాష్ట్రాల కన్నా ఎక్కువగా గుర్తించింది మన తీరంలోనే. దాంతో, రేపటి ఫ్యూజన్ (కేంద్రక సంలీన) రియాక్టర్ల భవిష్యత్తంతా మన ఇసుకలోనే ఉందన్నట్టు మాట్లాడేవాళ్లు బయల్దేరారు. కథ అంత తేలిక కాదు.

మోనజైట్‌లో దొరికే లాంథనంతోనే ఈ పింగాణి తీగ కథ మొదలైన మాట నిజమే. 1986లో జ్యూరిచ్ దగ్గరి ఐబీఎం ప్రయోగశాలలో బెడ్నోర్జ్, ముల్లర్ దాన్ని బేరియం, రాగి, ఆక్సిజన్‌లతో కలిపి ఒక పింగాణి పదార్థం చేశారు. 35 కెల్విన్ల దగ్గరే అందులో విద్యుత్ నిరోధం పడిపోసాగింది; అతివాహకత అంటే ఇదే. మరుసటి ఏడాది అమెరికాలో పాల్ చూ, మౌ-క్వెన్ వూ బృందాలు లాంథనం స్థానంలో యిట్రియం పెట్టి ఆ ఉష్ణోగ్రతను 93 కెల్విన్లకు తీసుకెళ్లాయి. దానికి చవగ్గా దొరికే ద్రవ నైట్రోజన్ చల్లదనం చాలు. బెడ్నోర్జ్, ముల్లర్‌లకు 1987లోనే నోబెల్ వచ్చేసింది.

తీగ మాత్రం రాలేదు. పింగాణి వంచితే విరుగుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు 1988లో ఐబీఎం పరిశోధకులే బయటపెట్టారు: పక్కపక్క స్ఫటికాల మధ్య కొద్ది డిగ్రీల వంకర ఉన్నా చాలు, కరెంటు దారుణంగా పడిపోతుంది. కిలోమీటర్ల పొడవునా కోట్ల స్ఫటికాలు ఒకే వైపు తిరిగి కూర్చోవాలి!

1991లో జపాన్‌లోని ఫుజికురా సంస్థ, లోహపు పట్టీ మీద పూత పడుతున్నప్పుడే ఏటవాలుగా అయాన్లు కొట్టి ఆ పూతలోని స్ఫటికాలను వరసలో పెట్టింది. 1996లో ఓక్ రిడ్జ్ ప్రయోగశాల నికెల్ రేకునే రోలర్ల మధ్య సాగదీసి, వేడిచేసి ఆ వరస తెచ్చింది. ఇప్పటి టేపు చేతిలోకి తీసుకుంటే రాగి రిబ్బనులా మెరుస్తుంది. మందం మిల్లీమీటరులో పదో వంతు. వేడి కుండ మీద పల్చటి పిండి పూసి ఆత్రేయపురంలో పూతరేకు తీసినట్టే, వేడి పట్టీ మీద ఈ పొరలు పడతాయి. అసలు అతివాహక పొర ఒకటి రెండు మైక్రాన్లే.

ఇంత శ్రమ ఎందుకంటే, ఫ్యూజన్ రియాక్టర్‌లో అయస్కాంత క్షేత్ర బలం రెట్టింపైతే అదే పరిమాణంలో పుట్టే శక్తి దాదాపు పదహారు రెట్లవుతుంది. అంతర్జాతీయ ఫ్యూజన్ ప్రాజెక్టు ఐటర్ వాడుతున్న నియోబియం తీగలు మరీ ఎక్కువ బలమైన క్షేత్రంలో పనికిరావు. ఈ టేపు తట్టుకుంటుంది.

2021 సెప్టెంబర్ 5న అమెరికాలో ఎంఐటీ, కామన్‌వెల్త్ ఫ్యూజన్ సిస్టమ్స్ సంస్థ కలిసి ఈ టేపుతో కట్టిన అయస్కాంతం 20 కెల్విన్ల దగ్గర 20 టెస్లాలు అందుకుంది. బరువు పది టన్నులు, చుట్టింది 267 కిలోమీటర్ల టేపు. నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు, ఒకటిన్నర మైక్రాన్ల పూత అనుకుని లెక్క కడితే, అంత పొడవులోనూ ఉన్న అసలు పదార్థం పది కిలోల చుట్టుపక్కలే. అందులో యిట్రియం లాంటి అరుదైన లోహం వాటా రెండు కిలోలకు అటూ ఇటూ. ఖరీదులో చాలావరకు పూత పనితనానిదే. ఇసుక చూసి లెక్కలు వేసేవాళ్లు మరిచేది ఇదే.

ఆ తర్వాత వాళ్లు కావాలనే కరెంటు దారి తెంచి అయస్కాంతాన్ని వేడెక్కనిచ్చారు. ఒక మూల కాలిపోయింది. కాలేది అక్కడేనని కంప్యూటర్ లెక్కలు ముందే చెప్పాయి. ఆ పాఠంతో, కామన్‌వెల్త్ కడుతున్న స్పార్క్ అనే ఫ్యూజన్ యంత్రపు అయస్కాంతాల రూపకల్పనను సరిదిద్దుకున్నారు.