మాట ఇచ్చినవాడు మారితే

మా నూజివీడు వైపు పుష్యమాసం వచ్చిందంటే తోటలలో రెండు సంగతులు జరుగుతాయి. మామిడి పూత విచ్చుకుంటుంది. ఆ పూతను చూసి బేరగాళ్ళు దిగుతారు. పిందె నిలుస్తుందో, మంచుకు మాడిపోతుందో తెలియకముందే తోటను గుత్తకు మాట్లాడుకొని, బయానా చేతిలో పెట్టి వెళ్తారు. అటువంటి ఒక ఉదయం నేను మా తోటగట్టు మీద కూర్చుని ఉండగా, అమెరికాలో చదువుకుంటున్న మా అన్నగారి మనుమడు ఫోను చేశాడు.

"చిన్నతాతయ్యా, మా యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్ ఇంకో యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు. ఆయన్ని చూసి చేరతామన్న హైస్కూలు పిల్లలు ఇప్పుడు రామంటున్నారు. ఉన్నవాళ్ళలో కొందరు ఆయన వెంటే పోతామంటున్నారు. ఇక్కడ అందరూ ఇదే గొడవ" అన్నాడు.

"పూత మీద బేరం నాయనా" అన్నాను. వాడికి అర్థం కాలేదు. కానీ ఆ మాట విన్నది మొదలు నాకు ఇద్దరు గుర్తుకు వస్తున్నారు. ఒకరు చరిత్రకెక్కిన గురువు. ఇంకొకడు నా బడిలో చదివిన పిల్లవాడు. ఆ ఇద్దరిని గురించే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఆ అమెరికా సంగతి నాకు బోధపడినంతవరకు చెబుతాను. అక్కడ ఫుట్‌బాల్ అనేది కాలితో కంటె చేతితో ఎక్కువగా ఆడే ఆట. ఆ పేరుకు వ్యుత్పత్తి చెప్పమంటే నాబోటి పండితుడు తడబడవలసిందే. విశ్వవిద్యాలయాల జట్లకు అక్కడ ఉన్న ఆదరణ మనకు ఊహకందదు. కోచ్‌లు ఊరూరా తిరిగి హైస్కూలు పిల్లలను ఎంచుకుంటారు, వారి ఇళ్ళకు వెళ్ళి తల్లిదండ్రులతో మాట్లాడతారు. 1964లో ఇందుకొక ఒప్పందపత్రం పుట్టింది. దానిమీద సంతకం చేసిన పిల్లవాడు ఆ విద్యాసంస్థకు కట్టుబడినట్లు. అందులో ఒక షరతు ఉన్నది: నీవు సంతకం చేసినది సంస్థతో, కోచ్‌తో కాదు. అనగా ఇంటికి వచ్చి మాట ఇచ్చిన మనిషి మరునాడు వెళ్ళిపోయినా, పిల్లవాడు మాత్రం అక్కడనే ఉండవలె. ఆ పత్రాన్ని 2024లో రద్దు చేశారు. అంతకు ముందే, 2018లో, జట్టు మారదలచిన ఆటగాళ్ళ పేర్లు నమోదు చేసే పద్ధతి వచ్చింది. 2021లో ఒకసారి మారినవాడు ఏడాదిపాటు ఆడకుండా కూర్చోవలసిన నియమం తొలగింది. కోచ్ మారితే ఆ జట్టు పిల్లలు వేరే దారి చూసుకొనడానికి ప్రత్యేకంగా కొన్ని దినాల గడువు ఇస్తున్నారు. ఇంత చిన్న న్యాయం జరగడానికి అరవై ఏళ్ళు పట్టింది.

ఇక మన గురువుగారి సంగతి. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో వచ్చిన 'మైదాన్' అనే హిందీ చిత్రం పుణ్యమా అని ఆ పేరు ఇప్పుడు కొందరికైనా తెలుసు. 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, ఆ విశ్వవిద్యాలయం జట్టులో ఆడారు. పట్టా పుచ్చుకొన్న తరువాత బడిపంతులు అయ్యారు. కాచిగూడ, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ పాఠశాలలలో పనిచేశారు. వ్యాయామవిద్యలో డిప్లమా తీసుకొని ఆటల బాధ్యత చూశారు. భారత జట్టుకు శిక్షకుడైనా జనం నోట ఆయన 'రహీం సాబ్' గానే, అనగా మాస్టారుగానే మిగిలారు. నాకు ఆయనపై మక్కువ కలగడానికి మొదటి కారణం ఇదే. మా కులం ఒకటే, పంతుళ్ళ కులం.

ఆయన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దారు. ఆ జట్టు 1950 నుండి 1954 దాకా వరుసగా అయిదు మార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. గల్లీలలో ఆడుకునే బీద పిల్లలకు పోలీసు కొలువు ఒక అన్నపు దారి. ఆట బాగుంటే ఉద్యోగం, ఉద్యోగం ఉంటే ఇంట్లో పొయ్యి వెలగడం. కనుక అక్కడ ఎంపిక అంటే కేవలం ఆటకు ఎంపిక కాదు, బ్రతుకుకు ఎంపిక.

రహీం గారు పిల్లలకు పెట్టిన పరీక్షలు వింటే ఆయన ఎంత నిండైన ఉపాధ్యాయుడో తెలుస్తుంది. బంతిని కాళ్ళ మధ్య తిప్పుకుంటూ పోకూడదన్న నియమంతో పోటీలు పెట్టేవారు. ఒక్క తాకుతోనే తోటివాడికి అందించవలెనని కొన్ని పోటీలు. అలవాటు లేని కాలితోనే తన్నవలెనని మరికొన్ని. మనం ఛందస్సు నేర్పేటప్పుడు శిష్యునికి ఒక అక్షరం నిషేధించి పద్యం చెప్పమంటాము కదా, అష్టావధానంలో నిషిద్ధాక్షరి వంటిదే ఇది. వచ్చినదానిని కట్టివేస్తే రానిది వస్తుంది.

ఆ బడి ఫలితం దేశానికి దక్కింది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం. 1952 హెల్సింకీలో, మనవారు చాలామంది ఉత్త పాదాలతో ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. ఆ అవమానాన్ని పాఠంగా తీసుకొన్నందువల్లనే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం వచ్చింది. ఆ మెల్‌బోర్న్ జట్టులో పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికర్, బలరాం మొదలైన హైదరాబాదు గడ్డ బిడ్డలు ఎందరో. 1962లో జకార్తాలో, లక్షమంది ప్రేక్షకులు మనకు వ్యతిరేకంగా అరుస్తుండగా, దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మరల స్వర్ణం తెచ్చారు. అప్పటికే రహీం గారిని కాన్సరు తినివేస్తున్నది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు.

ఇక్కడనే నాకు మా తోటలు గుర్తుకు వస్తాయి. మామిడి అంటు కట్టడం చూసినవారికి తెలుస్తుంది. పాత పద్ధతిలో, కుండీలో పెంచిన విత్తు మొక్కను తల్లిచెట్టు కొమ్మకు చేర్చి కడతారు. రెండూ అతుక్కొనేదాకా తల్లికొమ్మను కోయరు. తొందరపడి కోస్తే అంటు ఎండిపోతుంది. రహీం గారు పోయేనాటికి హైదరాబాదులో ఎన్ని అంటులు ఇంకా కట్లు విప్పని స్థితిలో ఉన్నాయో ఆలోచించండి.

కలకత్తా పెద్ద క్లబ్బుల చూపు మన పిల్లలమీద ఆయన ఉన్నప్పుడూ ఉన్నది. సికింద్రాబాదు దాపున అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. ఆ నగరంలో ఆటకు ఉన్న జనం, డబ్బు, కీర్తి మరెక్కడా లేవు. సంతకాల ఋతువు వస్తే ఎదుటి క్లబ్బువాడి కంట పడకుండా ఆటగాళ్ళను దాచిపెట్టడం కూడ అక్కడ ఒక విద్య. వెళ్ళినవారిని నేను తప్పు పట్టను. చెట్టు కాయను కట్టిపెట్టుకోదు. కాని రహీం గారి కాలంలో ఒక బలరాం వెళితే వెనుక ఇంకొకడు తయారవుతూ ఉండేవాడు. ఆయన పోయిన తరువాత వెళ్ళడం సాగింది, తయారుకావడం సన్నగిల్లింది.

ఒక్కసారిగా కూలిపోలేదు. చరిత్రలో పతనం ఎప్పుడూ కొంత ఆలస్యంగానే కనబడుతుంది. ఆయన నాటిన మొక్కలే 1965-66లో ఆంధ్రప్రదేశ్‌కు సంతోష్ ట్రోఫీ తెచ్చిపెట్టాయి. అంతకు ముందు 1956-57లోను, ఆ మరుసటి ఏడాదిలోను హైదరాబాదు పేరుతో గెలిచారు. ఆంధ్రప్రదేశ్ పేరుతో గెలిచినది మాత్రం ఆ ఒక్కమారే. ఆ విజయపు వేడి చల్లారకముందే 1966లో మహమ్మద్ హబీబ్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. ఇంచుమించు అదే కాలంలో సయ్యద్ నయీముద్దీన్ కూడ. 1970 బాంకాక్ ఆసియా క్రీడలలో మన దేశానికి కాంస్యం వచ్చినప్పుడు నాయకుడు ఆ నయీముద్దీనే. 1977లో పెలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో కలకత్తా వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టిన ఇద్దరిలో ఒకడు హబీబే. అంటులు బ్రతికాయి, కాయలు కాశాయి. తోట మాత్రం వేరేవారిది.

రాష్ట్రాల మార్పు, క్రికెట్ మోజు, కలకత్తా డబ్బు అంటూ ఈ క్షీణతకు కారణాలు అనేకం చెబుతారు. అవన్నీ నిజమే. నేను చేర్చదలచినది ఒక్కటే. రహీం గారి కన్ను, రహీం గారి మాట, రహీం గారి పద్ధతి, అన్నీ రహీం గారిలోనే ఉండిపోయాయి. వాటిని ఒక సంస్థ తన సొత్తుగా మార్చుకోలేదు. బడి ఒక మనిషి ఊపిరి మీద నడిస్తే, ఆ ఊపిరి ఆగిననాడు పిల్లలకు మిగిలేది వెళ్ళిపోవడం, లేదా నిలిచిపోవడం.

వెళ్ళగలిగినవారు హబీబులు అవుతారు. వెళ్ళలేనివారి సంగతి చరిత్రలో ఉండదు. అందుకే నా పిల్లవాడి సంగతి చెప్పవలసి వచ్చింది.

1988లో నేను విస్సన్నపేట వైపు ఒక ఉన్నత పాఠశాలలో పండితుణ్ణి. మా ప్రాంతంలో ఫుట్‌బాల్ తక్కువ, వాలీబాల్ ఎక్కువ. మామిడి తోట కాపలాదారు కొడుకు ఒకడు పదవ తరగతిలో ఉండేవాడు. వాడు వల దగ్గర గాలిలోకి లేస్తే కాసేపు క్రిందికి దిగడం మరచిపోయినట్లు ఉండేది. ఒక పోటీలో వాడిని చూసి, దూరపు పట్నంలోని ఒక కాలేజీ వ్యాయామాధ్యాపకుడు మా ఊరు వచ్చాడు. ఫీజు లేదు, హాస్టలులో భోజనం ఉచితం, ఆటలో పైకి వస్తే ఉద్యోగం కూడ దొరుకుతుంది అన్నాడు. మంచి మనిషి, నిజాయితీగానే అన్నాడు.

తండ్రి నా దగ్గరకు వచ్చాడు. "మీరేమంటారు పంతులుగారూ? తమరు పంపమంటే పంపుతాను" అన్నాడు. నేను పంపమన్నాను. కాగితం మీద వ్రాయించి ఇమ్మని ఆ అధ్యాపకుణ్ణి అడగాలని నాకు తోచలేదు. శబ్దమంజరి, బాలవ్యాకరణం చదివినవాడిని. మాటకు మించిన ప్రమాణం ఏముంటుందని అనుకొన్నాను.

కాలేజీ తెరచిన నెలలోనే ఆయనకు బదిలీ అయింది. కొత్తగా వచ్చిన ఆయన తాను అంతకుముందు తీర్చిదిద్దిన పిల్లలను వెంట తెచ్చుకొన్నాడు. అదీ తప్పు కాదు. వాళ్ళకూ ఆయన మాట ఇచ్చి ఉంటాడు. మావాడికి జట్టులో చోటు పోయింది. హాస్టలు లెక్కలలో వాడి పేరు ఎదుట ఏమీ వ్రాసి లేదు కనుక బాకీ కట్టమన్నారు. దసరా సెలవులకు వచ్చినవాడు మరల వెళ్ళలేదు. ఆ వేసవికి తండ్రితో పాటు తోటలో కాయలు కోస్తూ కనిపించాడు. నన్ను చూసి చెట్టుమీదనుండి దిగివచ్చి నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం అందుకొనడం నాకు కష్టమయింది.

ఎన్నో ఏళ్ళ తరువాత ఒకనాడు ధైర్యం చేసి అడిగాను, "నా మీద కోపం లేదా నీకు?" అని. "ఆయనా మంచివారే, మీరూ మంచివారే మాస్టారూ. ఆయనకు బదిలీ అయింది, నాకు కాలేదు. అంతే కదా" అన్నాడు. నేను ముప్పయి ఏళ్ళు పైగా చెప్పిన వ్యాకరణంలో అంత పొందికైన వాక్యం ఒకటి లేదు.

రహీం గారి మరణం ఎవరి తప్పూ కాదు. ఆ అధ్యాపకుని బదిలీ కూడ ఎవరి తప్పూ కాదు. గురువులు మారుతారు, పోతారు. అది తెలిసి ఉండి కూడ, గురువు ఇచ్చిన మాటను సంస్థ తన మాటగా పుస్తకంలో వ్రాసుకోకపోవడమే తప్పు. అమెరికావారు సంస్థ పేరుతో సంతకం చేయించుకొన్నారు గాని, దానితో సంస్థ కంటె పిల్లవాణ్ణి గట్టిగా కట్టారు. మనము ఎవరినీ దేనికీ కట్టలేదు. రెండు చోట్లా నష్టపోయినది పూతే.

మనుమడికి తిరిగి ఫోను చేసి ఇదంతా చెప్పాను. వాడు కొంచెంసేపు ఊరుకొని, "ఇప్పుడు ఆయనేం చేస్తున్నాడు చిన్నతాతయ్యా?" అని అడిగాడు.

ఆయన ఇప్పుడు ఒక చిన్న తోట గుత్తకు తీసుకొని చేస్తున్నాడు. తన ఊరి బడి వెనుక రెండు కంబాలు పాతి వల కట్టాడు. సాయంకాలం పిల్లలు ఆడుకుంటారు. పిల్లలను తీసుకుపోతామని ఎవరైనా వస్తే, ముందుగా అడిగేది ఒకటే ప్రశ్న అని విన్నాను: "మీరు లేకపోతే వీణ్ణి ఎవరు చూస్తారు? ఆయన పేరు కూడ ఇక్కడ వ్రాయండి."