కారేపల్లి ప్రాంత కుటుంబ చరిత్రలు: మౌఖిక వంశావళి, రెవెన్యూ దస్త్రం

కుటుంబ చరిత్ర తీరిక ఉన్నవారి వ్యాసంగమన్న అభిప్రాయం ఖమ్మం, భద్రాచలం అడవుల సరిహద్దులో నిలవదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం గిరిజనేతర కుటుంబం 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అడవిలో నివసిస్తూ దానిపై ఆధారపడినట్లు నిరూపించుకోవాలి. గిరిజన కుటుంబానికి ఈ 75 ఏళ్ల షరతు లేకున్నా, ఆ తేదీ నాటికి భూమి తన స్వాధీనంలో ఉన్నట్లు చూపవలసిందే. ఈ చట్టపు నియమావళి అంగీకరించే ఆధారాలలో వంశవృక్షం, పెద్దల లిఖిత వాంగ్మూలం, బావులు, శ్మశానాలు, దైవస్థలాలు కూడా ఉన్నాయి. ఏ ఒక్క ఆధారమూ తనంతట తాను చాలదు.

కనుక కారేపల్లిలో అన్వేషణ కాగితంతో కాక మనిషితో మొదలు కావాలి. కోయ కుటుంబంలో ఇంటిపేరు ఒక్కటే తెలిస్తే చాలదు. గట్టు, వేల్పు అడిగి రాసుకోవాలి. ఒకే గట్టు వారు అన్నదమ్ముల వరుస కాబట్టి పెళ్లి సంబంధాలన్నీ ఆ విభజనను అనుసరించే సాగాయి. ఈ వంశకథలను డోలి వాయిస్తూ, గుడ్డపై చిత్రించిన పడిగెల సాయంతో పాడేవారున్నారు. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన మరణించారు. అటువంటి గాయకుల కంఠస్థ జ్ఞానాన్ని ధ్వనిముద్రణ చేయడం వాయిదా వేయదగిన పని కాదు. లంబాడీలకు భాట్లు వంశకథకులు. భూక్య అన్న ఇంటిపేరు వెనుక రాథోడ్ అనే పెద్ద గోత్రం ఉంటుంది. చాలా తండాలకు నాయకుని పేరే ఊరి పేరైంది కాబట్టి పటంలోని తండా పేరు కూడా వంశావళికి ఒక ఆధారమే.

మౌఖిక వంశావళికి ఒక పెద్ద లోపముంది: అది తండ్రి నుంచి కొడుకుకు నడుస్తుంది, స్త్రీలను విడిచిపెడుతుంది. తల్లివైపు ఊళ్లను వేరుగా అడగాలి. తేదీలు అడిగితే జవాబు రాదు. సాయుధ పోరాటం, 1948 పోలీసు చర్య, 1986 ఆగస్టు గోదావరి వరద వంటి ఘటనలకు ముందా, తరువాతా అని అడిగితే వస్తుంది. బడిలో చేర్చిన నాడు ఉపాధ్యాయుడు తోచినట్లు వేసిన జూన్, జూలై పుట్టినతేదీల కన్నా ఇవే నమ్మదగినవి.

ఇల్లందు పరిసరాల బొగ్గును 1871లో విలియం కింగ్ గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. డోర్నకల్ నుంచి వచ్చే రైలుమార్గం కారేపల్లి వద్ద ఇల్లందు, కొత్తగూడెం వైపులకు చీలుతుంది. గనుల వల్ల వలస వచ్చిన కుటుంబాలు ఉద్యోగ పత్రాలనూ వెతకాలి.

ఇక రెవెన్యూ దస్త్రాలు. నిజాం పాలనలో 1884 నుంచి అధికార భాష ఉర్దూ. ఆ లిపిలో హ్రస్వ అచ్చులు సాధారణంగా రాయరు, ళకారానికి వేరే అక్షరం లేదు. ఒకే ఇంటిపేరును నాలుగు రకాలుగా చదవవచ్చు. పెద్దల నోట విన్న పేరు ముందే తెలిసి ఉంటే తప్ప దస్త్రంలోని పేరును పోల్చుకోలేము. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే సుమారుగా క్రీస్తుశకం వస్తుంది: 1364 ఫసలీ 1954-55, అంటే ఖాస్రా పహాణీ సంవత్సరం. అందులో పట్టాదారుతో పాటు సాగుదారు పేరు కూడా ఉండటం మన పనికి ముఖ్యం. పాత పత్రాలు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లోనూ వెతకవచ్చు. అయితే ఖమ్మం జిల్లా 1953లో ఏర్పడింది కనుక అంతకు పూర్వపు పత్రాలను వరంగల్ జిల్లా కింద అడగాలి.

భద్రాచలం వైపు నుంచి కోడలిగా వచ్చిన ముత్తవ్వ విషయం వేరు. ఆమె పుట్టింటి ప్రాంతాన్ని నిజాం 1860లో ఆంగ్లేయులకు వదులుకున్నాడు. 1959లో గాని అది ఖమ్మంలో కలవలేదు. ఆమె అన్నదమ్ముల భూమి వివరాలను వరంగల్ పత్రాలలో కాక గోదావరి జిల్లాల పత్రాలలో వెతకాలి.