బలహీన బంధం: అర్ధ శతాబ్దం

రసాయన శాస్త్రవేత్త గౌతమ్ ఆర్. దేశిరాజు 1979లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చేరేనాటికి ఆ విశ్వవిద్యాలయం పుట్టి అయిదేళ్లే. అంతకుముందు ఇలినాయ్‌లో డాక్టరేట్, కోడక్ సంస్థలో కొన్నాళ్ల ఉద్యోగం. హైదరాబాద్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి 2009లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు (ఐఐఎస్‌సీ) వెళ్లారు. ఆయన పరిశోధన పత్రాలు నాలుగు వందలు దాటాయి. వాటిని ఇతర శాస్త్రజ్ఞులు ఉటంకించిన లెక్క పదివేలల్లో ఉంటుంది. ఆ లెక్క వెనకున్న కథ హైదరాబాద్ కంటే ముందు లండన్‌లో మొదలైంది.

బర్క్‌బెక్ కాలేజీలో పనిచేస్తున్న న్యూజిలాండ్ స్ఫటిక శాస్త్రవేత్త జూన్ సూటర్ 1962లో 'నేచర్' పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. కార్బన్‌కు అంటుకుని ఉన్న హైడ్రోజన్ కూడా పక్క అణువులోని ఆక్సిజన్‌ను ఆకర్షిస్తుందని, అదీ హైడ్రోజన్ బంధమేనని అందులో వాదించారు. నీటిని నీరుగా నిలిపే హైడ్రోజన్ బంధం ముందు ఇది చాలా సన్నని పోగు. 1968లో స్ఫటిక శాస్త్రవేత్త జెర్రీ డోనహ్యూ ఆ వాదనను గట్టిగా తోసిపుచ్చారు. పెద్దవాడి మాట నెగ్గింది. ఆ తర్వాత ఆ బంధం పేరెత్తడానికే చాలామంది జంకారు. సూటర్ మూత్రపిండాల్లో ఏర్పడే రాళ్ల మీద పరిశోధనకు మళ్లారు. ఆమె పత్రానికి అప్పట్లో దక్కిన ఉటంకింపులను బట్టి ఆమె ప్రతిభను కొలిచినవాళ్లు ఎంత పొరపడి ఉంటారో తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది.

1982లో శాస్త్రవేత్తలు రాబిన్ టేలర్, ఓల్గా కెనార్డ్ న్యూట్రాన్ వివర్తనంతో తేల్చిన 113 స్ఫటిక నిర్మాణాలను జల్లెడ పట్టి, సూటర్ చెప్పింది నిజమేనని చూపించారు. ఇందుకు ఆధారం కేంబ్రిడ్జిలో కెనార్డ్ పెంచి పోషించిన స్ఫటిక నిర్మాణాల భాండారం. దేశిరాజు పనికీ అదే పెట్టుబడి. ఎవరో, ఎక్కడో, వేరే అవసరానికి కొలిచి పెట్టిన వేల నిర్మాణాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక్కదానిలో యాదృచ్ఛికంగా కనిపించేది వందల్లో అలవాటుగా బయటపడుతుంది. ఆ చూపుతోనే 1991లోనూ 1996లోనూ ఆ బలహీన బంధం మీద ఆయన సమీక్షలు రాశారు. 1999లో థామస్ స్టైనర్‌తో కలిసి దాని మీద ఒక పూర్తి గ్రంథమే తెచ్చారు.

ఆయన పేరును ప్రపంచమంతా తిప్పింది మాత్రం 1995 నాటి 'అంగెవాంటె కెమీ' పత్రిక వ్యాసం. క్రిస్టల్ ఇంజినీరింగ్ అనే మాట కొత్తది కాదు. పెపిన్‌స్కీ అనే శాస్త్రవేత్త 1955లో అన్నాడు, ష్మిట్ 1971లో దానికి ఊపిరి పోశాడు. 1989లో దేశిరాజే ఆ విషయం మీద పుస్తకం రాశారు. అయినా స్ఫటికాన్ని కోరినట్టు కట్టడమెలాగో పదిమందీ మాట్లాడుకోవడానికి ఒక వాడుక మాట లేదు. రసాయన శాస్త్రవేత్త ఇ.జె. కోరీ 1967లో ఆర్గానిక్ రసాయన శాస్త్రానికి ఇచ్చిన 'సింథాన్' అనే మాటను ఆ 1995 వ్యాసంలో దేశిరాజు అణువుల మధ్య బంధాలకు తెచ్చారు. రెండు కార్బాక్సిలిక్ ఆమ్ల అణువులు ఎదురెదురుగా వచ్చి, రెండు హైడ్రోజన్ బంధాలతో చేతులు పట్టుకున్నట్టు జతకడతాయి. ఒక స్ఫటికం తర్వాత ఇంకో స్ఫటికంలో మళ్లీ మళ్లీ కనిపించే అలాంటి ముడే సుప్రామాలిక్యులర్ సింథాన్. ముగ్గు వేసే చేతికి చుక్కల వరస తెలిసినట్టు, స్ఫటికం కట్టేవాడికి ఈ ముడులు తెలియాలి.

ఆ వ్యాసాన్ని వేలసార్లు ఉటంకించారు. నా దృష్టిలో దానికి కారణం, అది చేతికందే పనిముట్టు కావడం. మందు అణువును మరో అణువుతో ఒకే స్ఫటికంలో జతచేసి దాని కరిగే గుణాన్ని మార్చాలనుకునే ఫార్మా రసాయనవేత్తకు ముందుగా కావలసింది ఏ ముడి పడుతుందో ఊహించడం. హైదరాబాద్ యూనివర్సిటీలోనే అశ్వినీ నాంగియా బృందం ఆ సహస్ఫటికాల మీద విస్తారంగా పనిచేసింది.

2011లో అంతర్జాతీయ రసాయన సమాఖ్య హైడ్రోజన్ బంధానికి కొత్త నిర్వచనం ఇచ్చింది. దాన్ని రూపొందించిన బృందానికి ఐఐఎస్‌సీ ఆచార్యుడు ఇ. అరుణన్ నాయకుడు, దేశిరాజు సభ్యుడు. హైడ్రోజన్‌ను పట్టుకుని ఉన్న పరమాణువుకు హైడ్రోజన్ కంటే ఎక్కువ ఋణవిద్యుదాత్మకత ఉంటే చాలన్నారు. కార్బన్‌కు ఆ అర్హత ఉంది. సూటర్ 1990లోనే కన్నుమూశారు.