ఏబది బారల లోతున కాలము

మన పూర్వులు కాలమును నీటితోనే కొలిచినారు. అడుగున సన్నని రంధ్రముగల గిన్నెను నీటితొట్టిలో విడిచి, అది నిండి మునుగుటకు పట్టిన కాలమును ఒక గడియగా లెక్కించినారు. గడియ యనగా 24 నిమిషములు. గడియారమను మాటలో ఆ గడియ నేటికిని వినిపించుచునే యున్నది. కాని చక్రములు, స్ప్రింగులు గల గడియారములు వచ్చిన పిమ్మట ఆ నీరే వాటికి శత్రువైనది. ఒక్క బొట్టు లోనికి పోయినను ఉక్కు తుప్పుపట్టును, నూనె చెడును, చక్రము నిలిచిపోవును.

చేతి గడియారములో నీరు చొరబడుటకు మూడు ద్వారములున్నవి: పై అద్దము, వెనుక మూత, కీ ఇచ్చెడు బొడిపె. మొదటి రెండింటిని గట్టిగా బిగించి మూయవచ్చును. బొడిపె అట్లు కాదు. అది తిరుగవలసినది, దాని కాడ గోడను తొలుచుకొని లోపలి యంత్రము వరకు పోవును. 1926లో హాన్స్ విల్స్‌డార్ఫ్ నడుపుచుండిన రోలెక్స్ సంస్థ, సీసామూత వలె మరచుట్లతో బిగియు బొడిపెను అమర్చి, ఆ గడియారమునకు ఆలుచిప్ప అను అర్థము వచ్చు ‘ఆయ్‌స్టర్’ అను పేరు పెట్టినది. 1927 అక్టోబరు 21న మెర్సిడీస్ గ్లైట్జ్ అను ఆంగ్ల యువతి దానిని మెడలో వేసుకొని ఇంగ్లీషు ఛానలులో ఈదినది. రెండు వారముల ముందు ఆ జలసంధిని దాటిన ఆమె, ఈ పర్యాయము పది గంటలకు పైగా చలినీటిలో ఈది, ఒడ్డు చేరకయే విరమించవలసివచ్చినది. గడియారము మాత్రము ఆగలేదు.

అయితే నీటిపై ఈదుట వేరు, లోతునకు దిగుట వేరు. సముద్రములో ప్రతి 10 మీటర్లకు చదరపు సెంటీమీటరుపై సుమారు ఒక కిలోగ్రాము బరువు పెరుగును. 100 మీటర్ల లోతున, 3 సెంటీమీటర్ల వెడల్పుగల గడియారపు అద్దముపై సుమారు 70 కిలోగ్రాముల బరువు పడును. ఒక మనిషి ఆ అద్దముపై నిలుచున్నట్లే!

ఇంత శ్రమ యెందుకని శ్రోతలు అడుగవచ్చును. నీటి అడుగున కాలము తెలియుట ప్రాణావసరము. 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాన్ అనువారు రూపొందించిన ఆక్వాలంగ్ అను సాధనముతో మనిషి తన గాలిని తానే వీపున మోసుకొని దిగగలిగినాడు. ఆ గాలి మితమైనది. పైన ఒక గంట వచ్చు గాలి, 30 మీటర్ల లోతున పావుగంటకే అయిపోవును. మరియొక ప్రమాదము గలదు. లోతున పీల్చిన గాలిలోని నత్రజని రక్తములోను, కండలలోను కరగును. తొందరపడి పైకి వచ్చినచో, మూత తీసిన సోడాబుడ్డిలో వలె అది బుడగలు కట్టి మనిషిని కుంటివానిని చేయును, లేదా చంపును. ఎంత లోతున ఎంతసేపున్నవాడు ఎన్నిచోట్ల ఆగి పైకి రావలెనో 1908లోనే హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులును పట్టికలు కట్టినారు. కాని కాలము తెలియనివానికి ఆ పట్టికలెందుకు?

స్విట్జర్లాండులోని బ్లాంపాన్ గడియారముల సంస్థ నిర్వాహకుడు ఫీష్టర్‌కు ఈ సత్యము అనుభవములోనే తెలిసినది. ఆయన స్వయముగా గజ ఈతగాడు. దక్షిణ ఫ్రాన్సు సముద్రములో కాలము మరచి, గాలి అయిపోయి, ఆగవలసిన చోట్ల ఆగకయే పైకి వచ్చి బ్రతికినాడు. ఆ సమయముననే ఫ్రెంచి సైన్యపు ఈతగాండ్ర దళమును ఏర్పరచుచుండిన మలూబియే, రిఫో అను అధికారులు తమ పనికి తగిన గడియారమునకై వెదకుచుండినారు. 1953లో ‘ఫిఫ్టీ ఫాథమ్స్’ వెలువడినది. ఫాథమ్ అనగా మన జాలరులు చెప్పెడు బార వంటిదే. ఏబది బారలనగా సుమారు 91 మీటర్లు. నల్లని ముఖము, చీకటిలో మెరయు పెద్ద ముల్లులు, మాటిమాటికి బొడిపెను తాకనక్కరలేకుండ చేతి కదలికతో తనంతట కీ ఎక్కు ఏర్పాటు, యంత్రమును అయస్కాంతమునుండి కాపాడు మెత్తని ఇనుపకవచము—ఇవి దాని లక్షణములు. అన్నిటికంటె ముఖ్యమైనది చుట్టునున్న వలయము. దిగుటకు ముందు దాని గుర్తును నిమిషముల ముల్లుకు ఎదురుగా నిలిపినచో, ఎన్ని నిమిషములు గడచినవో ఒక్క చూపులో తెలియును.

ఆ వలయము రాతికి తగిలి కదలినచో? కుడివైపు జరిగినచో గడచిన కాలము తక్కువగా కనిపించి, ఈతగాడు ప్రాణాంతకముగా ఆలస్యము చేయును. ఎడమవైపు జరిగినచో కాలము ఎక్కువగా కనిపించి ముందే పైకి వచ్చును, హాని లేదు. అందుచేత ఎడమకు మాత్రమే తిరుగు వలయము ఈ జాతి గడియారములకు సాధారణమైనది. యంత్రము తప్పు చేసినను ప్రాణము పక్షముననే చేయవలెననుట దీని ధర్మము.

తరువాతి శత్రువు నీరు కాదు, వాయువు. హీలియము కలిసిన గాలిని పీల్చుచు దినముల తరబడి ఒత్తిడి గదులలో నివసించువారి గడియారములలోనికి ఆ సూక్ష్మవాయువు రబ్బరు వలయములను దాటి చేరెడిది. ఒత్తిడి తగ్గించునప్పుడు బయటపడలేక అద్దమును ఎగురగొట్టెడిది. 1967లో రోలెక్స్ దానిని విడిచిపెట్టుటకు చిన్న కవాటమును అమర్చినది. జపానులో మరియొక మార్గము త్రొక్కినారు. 1968లో కూరే నగరమునుండి ఒక గజ ఈతగాడు, తాము పనిచేయు లోతులకు గడియారములు తాళుట లేదని సీకో సంస్థకు లేఖ వ్రాసినాడు. ఏడేండ్లు శ్రమించి, 1975లో ఆ సంస్థ వెనుక మూతయే లేని టైటానియము గడియారమును చేసి, హీలియమును లోనికి రానీయకుండ కట్టుదిట్టము చేసినది.

1980ల నుండి ఎలక్ట్రానిక్ యంత్రములు లోతును, కాలమును కలిపి లెక్కకట్టి చెప్పుచున్నవి. అయినను బ్యాటరీ అక్కరలేని స్ప్రింగు గడియారమును తోడుగా ధరించువారు నేటికిని గలరు. లోతును జయించినామని ఈ గడియారములు గొప్పగా ప్రకటించుకొన్నను, వాటిలోని అసలు విద్య అది కాదు. దిగినవానికి, ఇక పైకి రమ్మని వేళకు చెప్పుటయే ఆ విద్య.