కంచెలో కరెంటు, కంచె వెనక జిమ్మేదారీ

చేనుకూ జాన్వర్‌కూ తగాదా ఇవాళ్టిది కాదు. ఖురాన్‌లోని సూరె అంబియాలో హజ్రత్ దావూద్, హజ్రత్ సులైమాన్ (అలైహిముస్సలాం) ముందుకు వచ్చిన ముకద్దమా ఇదే. రాత్రిపూట ఒకరి గొర్రెలు ఇంకొకరి ఖేత్‌లో పడ్డాయి. ముఫస్సిర్‌లు చెప్పేదాని ప్రకారం, నుక్సాన్‌కు బదులుగా గొర్రెలనే రైతుకు ఇచ్చేయమన్నారు తండ్రి. కొడుకు ఇంకో దారి చూపారు: గొర్రెలవాళ్లు చేను బాగుచేసి ఇవ్వాలి, అందాకా గొర్రెల పాలు, ఉన్ని రైతువి. ఆ తర్వాత ఎవరి మాల్ వాళ్లకు.

మదీనాలో హజ్రత్ బరా బిన్ ఆజిబ్ (రజి) ఒంటె ఒక తోటలో పడి పాడుచేసినప్పుడు రసూలుల్లాహ్ (స) ఫైసలా కూడా సాఫ్‌గా ఉంది. పగలు తోట హిఫాజత్ తోటవాళ్లది. రాత్రి జాన్వర్ల హిఫాజత్ వాటి మాలిక్‌లది.

మరి అడవిపందికి మాలిక్ ఎవరు? కోళ్లగూట్లో దూరే ముంగిసకు? ఎవరూ లేరు. అందుకే ఆ బరువంతా రైతు మీదే పడింది. ముళ్లకంప, మంచె, డప్పు, కుక్క... ఆఖరికి తీగలో కరెంటు.

ఈ కరెంటు కంచె తారీఖ్‌లో న్యూజిలాండ్ రైతు బిల్ గాలఘర్ పేరు ముఖ్యం. 1930లలో ఆయన గుర్రం ఒకటి కారుకు ఒళ్లు రుద్దుకునేదట. కారు ఊగితే గుర్రానికి చిన్న షాక్ తగిలేలా అమర్చాడు. అదే ఖయాల్ తర్వాత కంచెకు ఎక్కింది. 1960ల మొదట్లో అక్కడి రువాకురా పరిశోధన కేంద్రంలో డగ్ ఫిలిప్స్, తీగకు గడ్డి తగిలినా జోరు తగ్గని యంత్రం తయారుచేశాడు.

ఆ యంత్రం వేల వోల్టులు పంపుతుంది. కానీ సుమారు సెకనుకు ఒక్కసారి, అదీ సెకనులో వెయ్యో వంతుకు మించని జట్కా. నడుమ దొరికే విరామంలో జాన్వర్ వెనక్కి తప్పుకుంటుంది. దానికి భయం మిగులుతుంది, జాన్ పోదు. ఇంటి కరెంటు 230 వోల్టులే, కానీ అది ఆగదు. కండరాలు బిగుసుకుపోయి, తీగ పట్టిన చెయ్యి వదలలేదు.

మన ఊళ్లలో పందుల కోసమని లైన్ నుంచి నేరుగా తీగ లాగేవాళ్లున్నారు. ఇది కానూన్ ప్రకారం నేరం. చీకట్లో నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్కచేను రైతు, మేతకు వచ్చిన బర్రె, ఒక్కోసారి తీగ కట్టినవాడే దానికి బలవుతున్నారు.

కోళ్ల దొడ్డికైనా కూరగాయల మడికైనా బ్యాటరీతోనో సోలార్‌తోనో నడిచే సరైన యంత్రమే పెట్టాలి. ఎర్తు కడ్డీ తడినేలలో లోతుగా దిగాలి. నేల ఎండిపోతే షాక్ బలహీనపడుతుంది. కింది తీగ పిల్లి, ముంగిస ముక్కుకు తగిలే ఎత్తులో ఉండాలి. గడ్డి కోస్తూ ఉండాలి. కంచె మీద హెచ్చరిక బోర్డు తప్పనిసరి.

జాన్వర్‌కు మాలిక్ లేకపోవచ్చు. తీగకు ఉన్నాడు. ఆ తీగ వల్ల పోయే జాన్‌కు జవాబు చెప్పాల్సింది అతనే. పంట కోసం కట్టానంటే అది ఉజ్ర్ కాదు.