ఏ మైకు కొనాలి? గొంతుకీ గదికీ మధ్య వందేళ్ళ కథ

 

ఇంట్లోనే పాట రికార్డు చేసుకునేవాళ్ళు ఇవాళ ఊరికి పదిమంది ఉన్నారు. వాళ్ళందరూ ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "ఏ మైకు కొనాలండీ?" షాపువాడు ఒకటి చెబుతాడు, నెట్‌లో ఇంకొకటి చెబుతారు. నెల జీతం పెట్టి పెద్ద మైకు కొంటారు. తీరా పాడి వింటే పాటతో పాటు ఫ్యాను హోరు, వీధిలో ఆటో, వంటింట్లో కుక్కరు కూత అన్నీ శుభ్రంగా వినబడతాయి. అప్పుడు చాలామంది "నా గొంతే బాగాలేదేమో" అనుకుంటారు. కొందరైతే పాడటమే మానేస్తారు.

అందుకని ఇవాళ మనం మైకు చరిత్ర చెప్పుకుందాం. ప్రతి మైకూ ఏదో ఒక కాలంలో, ఏదో ఒక చోట, ఎవరికో వచ్చిన ఇబ్బందికి సమాధానంగా పుట్టిందే. ఆ ఇబ్బంది మనకి ఉందా లేదా అని చూసుకుంటే ఎంపిక సగం అయిపోయినట్టే.

మైకు లేని రోజులనుంచి మొదలుపెడదాం. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాట రికార్డు చేశాడు. అప్పటి రికార్డింగులో కరెంటు పాత్రే లేదు. ఉన్నదల్లా ఒక పెద్ద గొట్టం. దాని వెడల్పు మూతిలోకి గాయని గట్టిగా పాడాలి. ఆ అదురుకి గొట్టం చివర ఉన్న పలచటి పొర కదులుతుంది, దానికి తగిలించిన సూది మైనం మీద గీత గీస్తుంది. శక్తి అంతా గొంతులోంచే రావాలన్నమాట. మెల్లగా పాడితే సూది సరిగ్గా కదలదు. కాబట్టి ఖంగున మోగే గొంతులకే అక్కడ చోటు. గొంతుని చూసి పరికరాన్ని ఎంచుకోవడం కాదు, పరికరాన్ని చూసి గొంతుని ఎంచుకునే కాలం అది.

తర్వాత ఏమైంది? 1916లో అమెరికాలో ఇ.సి. వెంటే అనే ఇంజనీరు కండెన్సర్ మైకు తయారుచేశాడు. రెండు పలకలు, మధ్యలో సన్నటి గాలి సందు. ముందు పలక చాలా పలచన, చాలా తేలిక. గొంతులో ఏ చిన్న కదలిక వచ్చినా అది పట్టుకుంటుంది. 1925 నుంచి పెద్ద రికార్డు కంపెనీలు మైకులతో, విద్యుత్తుతో రికార్డు చేయడం మొదలుపెట్టాయి. దాంతో పాడే పద్ధతే మారిపోయింది. బింగ్ క్రాస్బీ లాంటివాళ్ళు చెవిలో చెప్పినట్టు పాడటం మొదలెట్టారు. ఇది ఎంత కొత్తగా అనిపించిందంటే, 1932లో బోస్టన్ కార్డినల్ ఓకానెల్ ఆ గానాన్ని బహిరంగంగా ఖండించారు!

సరిగ్గా అదే 1932లో మన 'భక్త ప్రహ్లాద' వచ్చింది. అందులో నటించినవాళ్ళలో సురభి నాటక కళాకారులున్నారు. నాటకంలో పద్యం పాడితే ఆఖరి వరసలో కూర్చున్నవాడికి వినబడాలి. అందుకే ఆ హెచ్చు శ్రుతి, ఆ పొడుగాటి రాగాలు. ఆ తర్వాత నేపథ్య గానం వచ్చాక ఘంటసాల, లీల, సుశీల పాటల్లో మనం వినే సున్నితమైన విరుపులు, ఊపిరిలో కలిసిపోయే మాటలు మైకు చలవే. గాయకుడు ఆఖరి వరసకి పాడాల్సిన పని తప్పింది.

ఇక్కడినుంచి కథ రెండు దారులుగా చీలుతుంది. జాగ్రత్తగా వినండి, మన ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది.

మొదటి దారి స్టూడియోది. 1949లో జర్మనీలో నాయ్‌మన్ కంపెనీ యు47 అనే కండెన్సర్ మైకు తెచ్చింది. ఫ్రాంక్ సినాట్రాకి అదంటే ప్రాణం. లండన్‌లో బీటిల్స్ కూడా ఆ కుటుంబం మైకుల ముందే పాడారు. తర్వాత 1960లో యు67, 1967లో యు87 వచ్చాయి. సినిమాల్లో రికార్డింగు సీను చూపిస్తే స్టాండుకి వేలాడుతూ లావుపాటి మైకు కనిపిస్తుంది కదా, ఆ రూపం ఈ వంశానిదే. ఆ ఫొటోల్లో మనం మైకునే చూస్తాం, గోడల్ని చూడం. మందపాటి గోడలు, బయటి శబ్దం రాని తలుపులు, ప్రతిధ్వని మింగేసే పలకలు. అలాంటి గది ఉందన్న భరోసాతో తయారైన మైకు అది.

రెండో దారి వేదికది. అక్కడ ఇబ్బంది వేరు. జనం గోల, పక్కన వాయిద్యాలు, స్పీకరు శబ్దం మళ్ళీ మైకులోకి వచ్చి కూత పెట్టడం. దీనికి జవాబుగా 1939లో షూర్ కంపెనీలో బెంజమిన్ బావర్ యూనిడైన్ మైకు రూపొందించాడు. ముందునుంచి వచ్చే శబ్దాన్ని బాగా పట్టుకుని, వెనకనుంచి వచ్చేదాన్ని తగ్గించే డైనమిక్ మైకు. అయస్కాంతం మధ్య చిన్న తీగచుట్ట కదులుతుంది, అంతే. బయటినుంచి కరెంటు ఇవ్వక్కర్లేదు. ఆ వంశంలోనే 1965లో ఎస్ఎం57, 1966లో ఎస్ఎం58 వచ్చాయి. తమాషా ఏమిటంటే ఎస్ఎం అంటే 'స్టూడియో మైక్రోఫోన్' అని అర్థం. పేరు స్టూడియోది, పేరు తెచ్చింది మాత్రం వేదిక!

మరి ఇల్లు ఏ దారిలోకి వస్తుంది? 1982లో జరిగిన రెండు సంగతులు చూడండి.

ఆ ఏడాది జనవరిలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలో అద్దె ఇంటి పడకగదిలో కూర్చుని పాటలు రికార్డు చేసుకున్నాడు. క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు రికార్డుచేసే టాస్కామ్ మెషిన్ ఒకటి, ఎస్ఎం57 మైకులు రెండు. బ్యాండుకి వినిపించడానికి చేసిన నమూనా అది. తర్వాత స్టూడియోలో బ్యాండుతో చేసి చూస్తే ఆ భావం రాలేదు. చివరికి ఆ క్యాసెట్టే 'నెబ్రాస్కా' ఆల్బమ్‌గా విడుదలైంది.

అదే ఏడాది లాస్ ఏంజిలెస్‌లో 'థ్రిల్లర్' తయారైంది. ఇంజనీరు బ్రూస్ స్వీడియన్‌కి ఎంత ఖరీదైన మైకైనా దొరుకుతుంది. అయినా మైకేల్ జాక్సన్ ప్రధాన గాత్రంలో ఎక్కువ భాగానికి షూర్ ఎస్ఎం7 అనే డైనమిక్ మైకు వాడాడు. అంటే డైనమిక్ మైకు పేదవాడి సర్దుబాటు కాదండీ. దానికీ ఒక గొంతు, ఒక పని ఉన్నాయి.

1990ల నుంచి చవక కండెన్సర్లు బజారుకొచ్చాయి. స్టూడియో మైకు రూపం ఇంటికొచ్చింది. స్టూడియో గోడలు రాలేదు. మన ఇబ్బంది అంతా అక్కడే ఉంది.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. డైనమిక్ మైకు గదిలో గోలని మాయ చేసి ఆపేయదు. దాన్ని నోటికి దగ్గరగా పెట్టుకుని పాడతాం కాబట్టి గొంతు పెద్దదై గోల చిన్నదవుతుంది. దూరం సగానికి తగ్గిస్తే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, ఫ్యాను హోరు మాత్రం ఉన్నంతే ఉంటుంది. కిటుకంతా దూరంలో ఉంది.

కాబట్టి కొనేముందు మీరు పాడే గదిలో కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం కూర్చోండి. రోడ్డు, ఫ్యాను, పక్కింటి టీవీ వినబడుతుంటే మీ గది వేదికలాంటిది. డైనమిక్ కొనండి, బెత్తెడు దూరంలో పాడండి. మరీ మూతికి ఆనిస్తే గొంతు బొంగురుగా వస్తుంది, 'ప', 'భ' దగ్గర గాలి కొడుతుంది, కాస్త పక్కకి తిప్పుకోండి. ఒక లోపం కూడా చెప్పాలి: వీటిలోంచి వచ్చే సిగ్నల్ చిన్నది. మెల్లగా పాడేవాళ్ళయితే ఇంటర్‌ఫేస్‌కి తగినంత గెయిన్ ఉందో లేదో ముందే చూసుకోండి.

గది నిజంగా నిశ్శబ్దంగా ఉంటే, సన్నటి గమకాలు వినబడాలనుకుంటే కండెన్సర్ తీసుకోండి. దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి, అది ఇంటర్‌ఫేస్‌లో ఉండాలి. జానెడు దూరంలో నిలబడండి, మీ వెనకా పక్కలా మందపాటి దుప్పట్లు వేలాడదీయండి. ఏ మైకైనా సరే, దాని వీపు గోల వచ్చే కిటికీ వైపు ఉండాలి.

గౌహర్ జాన్ కాలంలో గొట్టానికి సరిపోని గొంతుకి చోటు లేదు. ఇవాళ మీకు ఆ గతి పట్టలేదు. రికార్డింగు బాగా రాకపోతే ముందు గదిని అనుమానించండి, తర్వాత దూరాన్ని, ఆ తర్వాత మైకుని. గొంతుని అందరికంటే ఆఖర్న.

మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.